జ్వరాల రిజిస్టరు, ఎఫ్ఎంబీ షీట్లు, ఒక లెవెల్ ట్యూబు: మా పంచాయతీ మ్యాపు పని డైరీ

మే నెలాఖరు – అసలు ఏం చేద్దామనుకుంటున్నాం

ఊరి పేరు రాయట్లేదు, నాగావళికీ వంశధారకీ మధ్యలో ఒక మామూలు పంచాయతీ అనుకోండి. వరి, కోతలయ్యాక మినుము పెసర, రెండు చెరువులు, ఒక గెడ్డ (వాగు), ఊరి చివర పల్లంలో ఎస్సీ కాలనీ, కుర్రాళ్లలో సగం మంది విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. శ్రీకాకుళం జిల్లాలో ఇలాంటి ఊళ్లు ఎన్ని కావాలంటే అన్ని. నేను సివిల్ డిప్లొమా చేసి టౌన్లో ఒకాయన దగ్గర ఇళ్ల ప్లాన్లు, లేఅవుట్లు గీస్తుంటాను, మా వదిన ఆశా కార్యకర్త. రాత్రిళ్లు భోజనాల దగ్గర ఆవిడ జ్వరాల గురించీ నేను స్థలాల గురించీ మాట్లాడుకుంటూ ఉంటే ఇద్దరం ఒకే సంగతి చెప్తున్నామని మెల్లగా అర్థమయ్యింది, అక్కణ్ణుంచే మొదలు ఈ పని.

ఇప్పుడు పంచాయతీలో ఒకేసారి మూడు పనులు కదిలాయి. చెత్త షెడ్డు పక్కన కుప్ప పెరిగి పెరిగి చెరువు గట్టు దాకా వచ్చేసింది, ఆ షెడ్డుని అటే ఇంకా పొడిగిద్దాం అంటున్నారు. ఇళ్ల స్థలాల కోసం ఒక బిట్టు చూస్తున్నారు, అది పల్లం. రోడ్డు పక్క మట్టి కాలవని సిమెంటు కాలవ చేస్తారంట, నీళ్లు చివరికి ఎక్కడికి పోయి పడతాయో ఎస్టిమేట్లో లేదు. మూడూ భూమికి సంబంధించిన పనులే, కానీ వాటి ఫలితం మాత్రం ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మా వదిన రిజిస్టర్లో వచ్చి పడుతుంది.

"బాబూ, జ్వరం ఎవలికొచ్చిందో రాయమంటారు, రాస్తన్నాను. ఏ మూల నుంచి వస్తందో అడిగినోల్లు ఒక్కలూ లేరు" అంటుంది వదిన.

నా వైపు కూడా అంతే. ఇన్నేళ్లుగా లేఅవుట్ ఫైళ్లు చూస్తున్నాను, ఒక్క దాంట్లో కూడా ఏఎన్ఎం (ఊరి నర్సు) సంతకం కనబడలేదు. పోరంబోకా (సర్కారు నేలా) జిరాయితీయా (సొంత పట్టా నేలా), కోర్టు కేసు ఏమన్నా ఉందా, ఎకరం ఎంత, ఇంతే అడుగుతారు. నీళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయో ఎవరూ అడగరు. 2024 అక్టోబర్‌లో విజయనగరం జిల్లా గుర్లలో డయేరియా వచ్చి ప్రాణాలు పోయాకే కదా పైపులైన్ ఎక్కడినుంచి పోతోంది, కాలవ ఎక్కడుంది అని అందరూ చూసుకోవడం మొదలెట్టింది. ఆ చూసుకునేదేదో ముందే చూసుకుంటే పోలా అన్నది మా ఆలోచన.

చేయాల్సింది ఒక మ్యాపు. అడుగున భూమి, దాని మీద జనం చెప్పిన నీళ్లు, దాని మీద జ్వరాలు, అన్నిటికన్నా పైన పంచాయతీ కట్టబోయేవి. దాన్ని తీసుకెళ్లి గ్రామసభలో పరవాలి.


జూన్ – బేస్ మ్యాపు

గూగుల్ శాటిలైట్ బొమ్మలో ఊరు బ్రహ్మాండంగా కనిపిస్తుంది గానీ ఏది గెడ్డ పోరంబోకో, ఏది రస్తాయో, ఏది చెరువు గర్భంలోకి జరిగిపోయిన మడో అందులో తెలీదు. అందుకని ఎఫ్ఎంబీ షీట్లు, అంటే ఒక్కో సర్వే నంబరుని కొలతలతో గీసిన రెవెన్యూ బొమ్మలు, తెచ్చి ఒక్కొక్కటీ అతికించి ఆటోక్యాడ్‌లో గీసుకున్నాను. మా దగ్గర రీసర్వే అయిపోయింది కాబట్టి కాగితాల్లో కొత్త ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాపు) నంబర్లు, పెద్దాళ్ల నోట్లో పాత సర్వే నంబర్లు, మిగతా జనానికి ఈ రెండూ పట్టవు, వాళ్లకి మడి పేరు చెప్పాలి, ఊబి మడి, గుర్రాల బంద, తాటితోపు దిగువ, అలగ. మూడూ రాయాల్సొచ్చింది. చూడ్డానికి కొంచెం గందరగోళంగానే ఉంది, కానీ ఎవరొచ్చినా తన నేల తను వెతుక్కోగలుగుతున్నారు.

పుట్టినరోజు ఫ్లెక్సీలు కొట్టే షాపులోనే ఫ్లెక్సీ మీద ప్రింట్ తీయించాను, గీతలు లేత బూడిద రంగులో, లేకపోతే పైన మార్కర్ కనబడదు. పై లేయర్లకి పల్చటి ప్లాస్టిక్ షీటు, మీటరు లెక్కన అమ్ముతారు కదా, అది. ఒక షీటు మీద నీళ్లు, ఒకదాని మీద జ్వరాలు, ఒకదాని మీద కట్టబోయేవి, ఒకదాని మీద ఒకటి పరిస్తే ఏది దేని మీద పడుతోందో చదువురాని వాళ్లకి కూడా కనిపిస్తుంది. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో కూడా చేసి పెట్టుకున్నాను, అది నా కోసం. గ్రామసభలో ల్యాప్‌టాప్ తెరిస్తే చుట్టూ నలుగురు మగాళ్లు మూగుతారు, వెనక ఆడాళ్లకి వాళ్ల వీపులు తప్ప ఏమీ కనబడదు.

కాగితంలో ఉన్నదానికీ నేల మీద ఉన్నదానికీ తేడా వస్తే ఎంత దూరం పోతుందో మన జిల్లా వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. సోంపేట దగ్గర బీల అనే చిత్తడి నేలని కాగితాల్లో పనికిరాని భూమి కింద చూపించి థర్మల్ ప్లాంటుకి ఇచ్చారు, అక్కడి జనానికేమో అది సాగునీరు, చేపలు, పశువుల మేత. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు, అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్లాంటు అనుమతి రద్దు చేసింది. మాది అంత పెద్ద గొడవ కాదు, చెత్త కుప్పా కాలవా. అయినా నేల సంగతి తెలిసినోళ్లని అందరికన్నా చివర్న అడగడం అనేది ఇక్కడా అంతే ఉంది.


జూన్ చివర – ముగ్గు మ్యాపు

ఫ్లెక్సీ చూపించే ముందు రామమందిరం ముందు నేల మీద ముగ్గుతో ఊరి బొమ్మ గీయించాం. ఎన్జీవోల వాళ్లు ఎప్పట్నుంచో చేస్తున్న పద్ధతే, పీఆర్ఏ అంటారు, నేనేం కనిపెట్టలేదు. మగాళ్లు ముందు రోడ్లు గీశారు, తర్వాత గుడి, స్కూలు, పాలకేంద్రం, తర్వాత ఎవరి కల్లం ఎక్కడుందో దాని మీద కాసేపు వాదించుకున్నారు. నీళ్లు ఎటు పోతాయి అంటే "గెడ్డలోకే కదా" అని తేల్చేశారు.

వదిన అక్కడేం మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, ఆడాళ్లతో విడిగా పెట్టాలి, అదీ అంగన్వాడీ దగ్గర టీకాల రోజున పెట్టాలి, ఆ రోజు ఎలాగూ వస్తారు, చంటిపిల్లల్తో వస్తారు కాబట్టి కాస్త ఆగుతారు కూడా అని. అలాగే పెట్టాం. ఇక్కడ బొమ్మ పూర్తిగా మారిపోయింది. మొదట గీసింది కుళాయిలు. ఏ కుళాయికి మొదట నీళ్లొస్తాయి, ఏ కుళాయికి మొదటి బిందె పారబోసుకోవాలి, వాన పడితే ఏ వీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని నడవాలి, మరుగుదొడ్డి గుంత పొంగినప్పుడు చీకటి పడ్డాక ఎటు వెళ్తారు (ఇది చెప్పేటప్పుడు నన్ను బయట కూర్చోమన్నారు, వదిన గీసుకుంది).

కాలనీ నుంచి వచ్చిన పెద్దమ్మ ఒకావిడ ముగ్గు పిడికిట్లో పట్టుకుని ఊరి కాలవ గీస్తూ గీస్తూ తన వీధి దాకా తెచ్చి అక్కడ ఆపేసింది. గెడ్డ దాకా గీయవా పెద్దమ్మా అన్నాను.

"గెడ్డ దాకా ఎల్తే గీస్తాను బాబూ. ఎల్లదు కదా. ఊరందరి మురుగూ మా ఈది కొసకొచ్చి అక్కడే పడుంటాది. మరి లేనిది ఎలగ గీసీది?"

మగాళ్ల బొమ్మలో ఆ కాలవ గెడ్డలో కలిసింది, ఈవిడ బొమ్మలో కాలనీలో ఆగిపోయింది. వెళ్లి చూశాను, ఈవిడ చెప్పిందే నిజం. కాలవకీ గెడ్డకీ మధ్య ఒకప్పుడు తూము గొట్టాలు ఉండేవి, పైన ట్రాక్టరు దారి వేసుకుని మట్టి కప్పేశారు. ఎవరి దారి అనేది ఊళ్లో అందరికీ తెలుసు, ఇక్కడ రాయను.

ఇంకో విషయం కూడా రాసుకోవాలి. మన వైపు నీళ్లూ జబ్బూ అనగానే ఎవరో ఒకరు కిడ్నీ అంటారు, ఉద్దానం పక్కనే కదా, కవిటి సోంపేట వైపు చుట్టం లేని ఇల్లు లేదు. ఉద్దానంలో ఆ జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. పలాసలో రెండు వందల పడకల కిడ్నీ ఆస్పత్రి, హిరమండలం నుంచి తాగునీటి పథకం 2023 డిసెంబర్‌లో మొదలయ్యాయి, అవి వేరే సంగతి. మా మ్యాపులో కిడ్నీ మాట రానివ్వకూడదని ముందే అనుకున్నాం, ఎందుకంటే వచ్చిందంటే జనం భయపడిపోయి కాలవా తూమూ మాట వదిలేస్తారు.


జూలై – రిజిస్టరు

రిజిస్టరు ఇవ్వమంటే వదిన ఇవ్వనంది. మరిదినైనా ఇవ్వదు. "పేర్లున్నాయి, ఎవలికేటొచ్చిందో రాసుంది, నీకెందుకది?" అని. నిజమే కదా. ఊళ్లో ఒక చుక్క పెడితే చాలు అది ఎవరిల్లో అందరికీ తెలిసిపోద్ది, రేపు పెళ్లి సంబంధాల దగ్గర దాకా పోతుంది.

కాబట్టి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆవిడ పేజీ తిప్పుతూ వీధి పేరు, నెల, జ్వరమా విరేచనాలా, ఇంతే చెప్తుంది, నేను ఇంటి మీద కాకుండా వీధి మధ్యలో చుక్క పెడతాను. ఎర్ర చుక్క జ్వరం, నీలం చుక్క విరేచనాలు. టీబీ, ఇంకా బయటికి చెప్పకూడనివి ఏవీ లెక్కలోకి రావు. చివర్లో ఆ ప్లాస్టిక్ షీటు వదినే చుట్టి బీరువాలో పెట్టుకుంది, గ్రామసభ దాకా అది అక్కడే.

చుక్కలు నమ్మేముందు ఒకటి చూసుకోవాలి. రిజిస్టర్లో తక్కువున్న వీధిలో జబ్బులు తక్కువని అర్థం కాదు, ఆ వీధి వాళ్లు ఆశాకి చెప్పకుండా బైకెక్కి టౌన్లో ప్రైవేటుకి పోతారు. ఊళ్లో ఆర్ఎంపీ ఆయన్ని కూడా కూర్చోబెట్టి అడిగాం, ఆయన నోటి లెక్కే, రాసుకోడు, అయినా మెరక వీధుల్లో మేం అనుకున్నదాని కన్నా జ్వరాలు ఎక్కువే ఉన్నాయని తేలింది.

ఇంకో చిక్కు దోమల్లో. అందరూ దోమ అంటే కాలవ దోమే అనుకుంటారు. డెంగీ దోమ మురుగులో పెరగదు, ఇళ్లల్లో నిలవున్న మంచి నీళ్లలో, కుండీలు, డ్రమ్ములు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, వీటిల్లో పెరుగుద్ది, పగలు కుడుతుంది, గుడ్డు నుంచి దోమ అవ్వడానికి వారం పది రోజులు చాలు. ఆ ఫ్రైడే డ్రై డే అనేది, అంటే వారానికోసారి నిలవ నీళ్లు పారబోయడం, అందుకే పెట్టారు. మురుగు కాలవలో పెరిగేది క్యూలెక్స్, బోదకాలు తెచ్చేది అది, మన వైపు ముసలాళ్ల కాళ్లు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. అంటే కాలవ బాగు చేస్తే జ్వరాలన్నీ పోతాయి అని మేం గ్రామసభలో చెప్తే అబద్ధం అవుతుంది. మెరక వీధుల్లో ఎర్ర చుక్కలకి కాలవతో సంబంధం లేదు, అక్కడ కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది కాబట్టి ప్రతి ఇంట్లో డ్రమ్ములున్నాయి. కాలనీలో మాత్రం నీలం చుక్కలు కుప్పగా పడ్డాయి. ఆ రెండు చోట్లకీ చేయాల్సిన పని వేరు.


ఆగస్టు – లెవెల్ ట్యూబు

ఇళ్ల స్థలాల బిట్టు నిజంగా ఎంత పల్లం అనేది కొలవాలి. డంపీ లెవెల్ (ఎత్తుపల్లాలు కొలిచే సర్వే పరికరం) అద్దెకి తేవచ్చు, కానీ అది పెడితే జనం దూరంగా నిల్చుని చూస్తారు, నంబరు నేను చెప్తే నమ్మాలి. అందుకే తాపీ మేస్త్రి మావ దగ్గరున్న తెల్ల ట్యూబు తెచ్చాం. నీళ్లు నింపాలి, లోపల బుడగ ఉండకూడదు, ఉంటే లెవెల్ తప్పు వస్తుంది, ట్యూబు మెలిక పడకుండా వేలితో తట్టుకుంటూ బుడగ బయటికి పంపాలి. ఒక కొస రోడ్డు కల్వర్టు పిట్టగోడ మీద, రెండో కొస పొలంలో నిలబెట్టిన వెదురు కర్రకి. నీళ్లు ఆడ్డం ఆగాక కర్ర మీద ఎక్కడ నిలిచాయో అక్కడ సుద్ద గీత, గీత నుంచి నేల దాకా టేపు. ఆ అంకె ఫ్లెక్సీ మీద అప్పుడే అక్కడే రాయడం. తర్వాత ఆ కర్ర చోటు నుంచి ఇంకో ట్యూబు పొడవు ముందుకి. స్కూలు పిల్లలు ఒక కొస పట్టుకున్నారు, వాళ్లకి ఫిజిక్సు, మాకు కూలి మిగిలింది.

బిట్టులో రోడ్డు వైపు పట్టీ పర్లేదు, రోడ్డుకి జానెడు కింద. గెడ్డ వైపు మూల మాత్రం రోడ్డు కన్నా మూడడుగుల చిల్లర కిందకి దిగిపోయింది. దానికి తోడు 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పొలంలో ఉన్నవాళ్లని అడిగాం, ఒకాయన తాటిచెట్టు మీద చెయ్యి పెట్టి చూపించాడు, ఇంకొకాయన కాదు ఇంకా పైన అన్నాడు, ఇద్దరి చేతులకీ మధ్యలో గీత గీశాం. ఇద్దరిలో తక్కువ ఎత్తు చూపించినాయన లెక్క తీసుకున్నా ఆ మూలలో కట్టిన ఇంటి గుమ్మం మునుగుద్ది.

మునిగేది గుమ్మం ఒక్కటే అయితే నాలుగు రోజులు ఓర్చుకోవచ్చు. ఊళ్లలో ఇప్పుడు మూడు సెంట్లు ఇస్తామంటున్నారు, అంటే 145 గజాలు, చదరంగా తీసుకుంటే ఒక్కో పక్క సుమారు 11 మీటర్లు. మరుగుదొడ్డి గుంతకీ తాగే నీటి బోరుకీ కనీసం 10 మీటర్లన్నా ఎడం ఉండాలంటారు. మీ గుంత ఒక మూల, మీ బోరు ఎదురు మూల పెట్టినా పక్కింటి గుంత మీ బోరు పక్కనే ఉంటుంది కదా. పైగా పల్లంలో వానాకాలం నేలలో నీరు పైదాకా వచ్చేస్తుంది, గుంత అడుగూ ఆ నీరూ కలిసిపోతాయి. కాబట్టి ఆ బిట్టులో ఎవరూ బోరు వేయకూడదు, కుళాయి నీళ్లే రావాలి, అది ఇళ్లు కట్టకముందే రావాలి. నేను గీసిన లేఅవుట్లలో ఎన్నిట్లో ఈ లెక్క వేశాను అంటే, ఎవరూ అడగలేదు కాబట్టి వేయలేదు, అంతే.


ఆగస్టు చివర – నీళ్ల బాటిళ్లు

నీలం చుక్కల సంగతి. హెచ్‌టూఎస్ బాటిళ్లు తెచ్చాం, గీత దాకా నీళ్లు పోసి మూత పెట్టి వెచ్చగా ఉంచితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే అందులో మలం కలిసిన గుర్తు, ఎంత కలిసిందో చెప్పదు, కలిసిందా లేదా అన్నంతవరకే. ట్యాంకు కింద ఒకటి, ఊరి మధ్యలో ఒకటి, కాలనీ చివరి కుళాయి దగ్గర ఒకటి పట్టాం. ట్యాంకుదీ మధ్యదీ రంగు మారలేదు. కాలనీది బొగ్గులా నల్లబడింది.

మధ్యలో ఏముంది? వాల్వ్ గుంత. అది సరిగ్గా మురుగు కాలవ పక్కన ఉంది, మూత లేదు, అందులో కాలవ నీళ్లు నిలిచున్నాయి, వాల్వ్ గ్లాండ్ (నీళ్లు కారకుండా ఆపే బిగింపు) దగ్గర కారుతోంది. మోటారు నడిచినంతసేపు పైపులో ప్రెషర్ ఉంటుంది కాబట్టి మంచి నీళ్లు బయటికి కారతాయి. మోటారు ఆపగానే పైపు ఖాళీ అవుతూ అదే కన్నం లోంచి గుంతలో ఉన్న మురుగుని లోపలికి లాక్కుంటుంది. మర్నాడు పొద్దున్న మొదటి బిందె ఆ నీళ్లే. ఆడాళ్లు మొదటి బిందె పారబోస్తారని అంగన్వాడీ దగ్గర చెప్పారే, అదన్నమాట. పారబోసుకునే తీరిక లేని ఇంట్లో పిల్లలకి విరేచనాలు. ట్యాంకులో బ్లీచింగ్ ఎంత కలిపినా కొస కుళాయిలో 0.2 పీపీఎం అయినా క్లోరిన్ మిగలాలి, అక్కడ క్లోరోస్కోప్‌లో (క్లోరిన్ ఉంటే రంగు చూపించే కిట్టు) అసలు రంగే రాలేదు.

ఇది గ్రామసభ దాకా ఆగాల్సిన పని కాదు. నల్ల బాటిల్ పట్టుకెళ్లి సర్పంచ్ గారి టేబుల్ మీద పెట్టింది వదిన, ఏమీ మాట్లాడలేదంట. వారం తిరక్కుండా గ్లాండ్ మార్చారు, గుంత గోడ ఎత్తు లేపి మూత వేశారు. ఈ ప్రాజెక్టు మొత్తంలో ఇంత తొందరగా అయిన పని ఇంకోటి లేదు.


సెప్టెంబరు – ఆఫీసులు

దీని గురించి ఎక్కువ రాయబుద్ధి కావట్లేదు. ఒకరు ఇది హెల్త్ వాళ్ల పని అన్నారు, హెల్త్ వాళ్లు స్థలం మా చేతుల్లో లేదు అన్నారు, ఇంకొకరు మ్యాపు బాగుందయ్యా ఎంతయ్యింది ప్రింటుకి అని అడిగి టీ ఇప్పించారు. రాజ్యాంగంలో పదకొండో షెడ్యూల్లో పంచాయతీలకి ఇవ్వొచ్చని రాసిన 29 విషయాల్లో తాగునీరూ ఆరోగ్యం పారిశుద్ధ్యం గ్రామీణ ఇళ్లూ అన్నీ ఉన్నాయి, ఒకే కప్పు కింద. గ్రామ సచివాలయంలో కూడా సర్వే అసిస్టెంటు ఒక కుర్చీ, ఏఎన్ఎం ఇంకో కుర్చీ, మధ్యలో గోడ కూడా లేదు. కానీ ఫైళ్లు మాత్రం ఎప్పుడూ కలవవు.

పనికొచ్చిన సంభాషణ ఒకటి ఉంది, చెత్త షెడ్డు మీద. నేను అప్పటికి అమల్లో ఉన్న 2016 ఘన వ్యర్థాల రూల్స్ పట్టుకెళ్లాను, ల్యాండ్‌ఫిల్ అయితే చెరువుకి 200 మీటర్లు, ఇళ్లకి 200 మీటర్లు, నదికి 100 మీటర్లు దూరం ఉండాలి అని. అక్కడున్నాయన చదివి, ఇది ల్యాండ్‌ఫిల్‌కి, మనది చెత్త నుంచి సంపద కేంద్రం, షెడ్డు, దీనికి వర్తించదు అన్నారు. రూలు ప్రకారం ఆయన మాట కరెక్టే. సరే సార్, షెడ్డు లోపల ఎరువు తయారవుతున్నంతసేపు అది షెడ్డే, బయట గట్టు మీద రెండేళ్లుగా పేరుకున్న ప్లాస్టిక్కూ డైపర్లూ ఉన్న కుప్పని ఏమందాం అన్నాను. నవ్వేశారు. గ్రీన్ అంబాసిడర్ (పంచాయతీ చెత్త సేకరించే) అన్నయ్య మాతోనే వచ్చాడు, తడి పొడి కలిపి ఇస్తున్నారు, విడగొట్టేది నేనొక్కణ్ణే, జీతం ఎప్పుడొస్తుందో తెలీదు, ఇంక కుప్ప పెరక్కుండా ఎలా ఉంటుంది అని అడిగాడు. దీనికి నా దగ్గర ఏ రూలూ లేదు.

చెరువుల విషయంలో సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు గట్టిది, ఊరి ఉమ్మడి నేలల్నీ చెరువుల్నీ ఆక్రమిస్తే ఖాళీ చేయించి పంచాయతీకి అప్పగించాలని. ఒక పేజీ తెలుగులో రాసుకుని జేబులో పెట్టుకున్నాను. వాడాల్సిన అవసరం రాలేదు, జేబులో ఉందని తెలిస్తే చాలు కొన్నిసార్లు.

గ్రామ ఆరోగ్య పారిశుద్ధ్య పోషకాహార కమిటీ అని ఒకటుంది, దానికి ఏడాదికి పదివేలు అన్‌టైడ్ ఫండ్ (ఫలానా పనికే అని కట్టేయని డబ్బు) అన్నది చాలా మందికి తెలీదు. పెద్ద పని అవ్వదు దాంతో. కానీ ఆ కమిటీ మీటింగు మినిట్స్‌లో మా మ్యాపు గురించి రాయించాం, దాంతో మ్యాపుకి ఒక తేదీ, సంతకాలు వచ్చాయి, లేకపోతే గ్రామసభలో ఇది ఎవరిదో కుర్రాడి సరదా కింద పోయేది.


అక్టోబరు 2 – గ్రామసభ

మేం అనుకున్నట్టు జరగలేదు, అదే మంచిదైంది.

ఫ్లెక్సీ పరిచాం, షీట్లు వేశాం, వదిన చుక్కల షీటు తెచ్చి పైన పెట్టింది. ఇళ్ల స్థలాల బిట్టు నీళ్ల షీటు మీద పడగానే జనం గొణుక్కోవడం మొదలైంది. నేను ఈ స్థలం వద్దు ఇంకోటి చూడండి అని చెప్పబోతున్నాను. ఈలోపు లబ్ధిదారుల లిస్టులో పేరున్న ఒకప్ప లేచింది, చంకలో పిల్ల.

"పల్లమో మెరకో నాకు పట్టా కావాలి. నువ్వు మ్యాపు ఏసి వద్దంటే ఈలు సరే ఇంకోటి సూద్దారంటారు, మల్ల పదేల్లు. అద్దె నువ్వు కడతావేటి?"

ఎవరూ మాట్లాడలేదు. నిజానికి ఆ మాటకి సమాధానం నా టేబుల్ మీదే ఉంది, నా పనే అది. స్థలం మార్చక్కర్లేదు, లోపల గీతలు మార్చితే చాలు. ప్రైవేటు లేఅవుట్లో 2017 రూల్స్ ప్రకారం పదోవంతు ఖాళీ వదలాలి, సర్కారు స్థలాల్లో కూడా అంగన్వాడీకీ దానికీ దీనికీ కొంత వదులుతారు, మామూలుగా ఆ ఖాళీని రోడ్డు పక్కన మంచి చోట చూపించి పల్లంలో ప్లాట్లు వేస్తారు, ఎందుకంటే గీసేటప్పుడు కాగితం మీద అంతా ఒకటే ఎత్తు. దాన్ని తిప్పేస్తే? గెడ్డ వైపు మూల మొత్తం ఖాళీగా వదిలి అక్కడ చిన్న కుంట, చుట్టూ చెట్లు, ప్లాట్లన్నీ రోడ్డు వైపు మెరక పట్టీలోకి. వాన నీళ్లు కుంటలోకి, కుంట నిండితే గెడ్డలోకి. నాలుగైదు ప్లాట్లు తగ్గుతాయి, వాటిని స్కూలు వెనక గ్రామకంఠంలో (ఊరి నివాస నేలలో) సర్దొచ్చు. మార్కర్ తీసి అక్కడే గీశాను. ఆ అప్ప ఫ్లెక్సీ మీదకి వంగి నాది ఎక్కడొస్తాది అని అడిగింది, అది నేను చెప్పలేను అన్నాను, ఒప్పుకోలేదు, చాలాసేపు అక్కడే నిల్చుంది.

తూము దగ్గర గొడవైంది. దారి వేసుకున్నాయన నా దారి తవ్వితే ధాన్యం ట్రాక్టరు ఎలా పోద్ది అన్నాడు. అదీ న్యాయమే. దారి అలాగే ఉంచి కింద గొట్టాలు మార్చి పైన సిమెంటు వేస్తే ట్రాక్టరూ పోతుంది నీళ్లూ పోతాయి అన్నాడు మేస్త్రి మావ. ముందు గీసిన పెద్దమ్మ వెనక నుంచి "సిన్న గొట్టాలేస్తే మల్ల మూసుకుపోతాయి, మనిసి దూరేటంత ఏయండి" అంది. ఇంజినీరింగ్ అసిస్టెంటు రాసుకున్నాడు. అప్పుడు వస్తున్న 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం పారిశుద్ధ్యం, తాగునీటికి ముడిపెట్టినవే కదా, అందులోంచి పెట్టొచ్చు అని తేలింది, సిమెంటు కాలవ ఎస్టిమేట్‌తో పాటు ఈ తూము కలిపితేనే తీర్మానం అని పట్టుబట్టారు జనం.

చెత్త కుప్ప మీద తీర్మానం సులువుగానే అయ్యింది, గట్టు మీది కుప్ప తీయాలి, షెడ్డు అటువైపు పొడిగించకూడదు. తీసింది ఎక్కడ వేస్తారు అన్నదాని మీద మాత్రం ఎవరూ తమ వైపు చూపించలేదు.

చివర్లో వదిన ఒక్కటే అడిగింది, ఇకమీదట పంచాయతీ ఏ స్థలం చూసినా ముందు ఏఎన్ఎం, ఆశా, సంఘం నుంచి ఇద్దరు ఆడాళ్లు వానాకాలంలో ఒకసారి నడిచి చూసి సంతకం పెట్టాలి అని. తీర్మానంలో రాశారు. చట్టంలో ఎక్కడా లేదు, రేపు ఎవరైనా పట్టించుకోకపోతే ఏమీ చేయలేం. అయినా మినిట్స్ బుక్కులో ఉంది.


నవంబరు – ప్రస్తుతానికి

వాల్వ్ గుంత బాగానే ఉంది, మళ్లీ బాటిల్ పట్టాం, కాలనీ కుళాయి నల్లబడలేదు. దీనివల్లే విరేచనాలు తగ్గాయి అని ఇప్పుడే చెప్పకూడదు, వచ్చే వానాకాలం చుక్కలు పెట్టాక చూడాలి.

తూము ఎస్టిమేట్ వెళ్లింది, గొట్టాల సైజు పెద్దదే పెట్టారు. గట్టు మీది కుప్ప సగం తీశారు, మిగతా సగం అలాగే ఉంది, చోటు దొరకలేదంట. లేఅవుట్ స్కెచ్ పైకి పంపారు, జవాబు లేదు. పల్లం మూలలో సర్వే రాళ్లు మాత్రం ఇంకా పాతలేదు, దాన్నిబట్టి కొంచెం ఆశగా ఉంది. చెరువుకి బఫర్ (ఏమీ కట్టకుండా వదిలే పట్టీ) కూడా స్కెచ్‌లో చూపించాను, పది హెక్టార్ల కన్నా చిన్న చెరువు కాబట్టి ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) నుంచి 9 మీటర్లు, కానీ ఎఫ్‌టీఎల్ రాళ్లు ఎక్కడున్నాయో తేల్చాలి, మేమే పాత అలుగు మట్టం నుంచి ట్యూబుతో కొలిచి గుర్తులు పెడదామనుకుంటున్నాం, కోతలయ్యాక.

మెరక వీధుల డ్రమ్ముల సంగతి ఇంకా మొదలెట్టలేదు. కుళాయి రోజూ వస్తే తప్ప డ్రమ్ములు పోవు, మోటారు టైమింగ్ మార్చితే కుదురుద్దేమో లైన్‌మ్యాన్‌తో కూర్చోవాలి. ఈలోపు మూతలకి పాత చీర ముక్కలు కట్టిస్తోంది వదిన.

పక్క పంచాయతీ కుర్రాళ్లు మీ ఫ్లెక్సీ ఇస్తారా అని అడిగారు. మా ఊరి బొమ్మ వాళ్లకెందుకు, ట్యూబూ మిగిలిన ప్లాస్టిక్ షీట్లూ ఇచ్చాను. ముందు మీ ఆశా అమ్మని అడగండి, ఆవిడ రిజిస్టరు మీ చేతికివ్వమని మాత్రం అడగొద్దు, పక్కన కూర్చుని వీధి పేర్లు చెప్పమనండి అన్నాను. ఆవిడ సరేనంటే వదిన కూడా వస్తానంది.